మా క్లాస్‌మేట్ రాసిన సాఫ్ట్‌వేర్

తార్నాకలోని ఆ కళ్ళద్దాల షాపులో బిల్లులు వేసే సాఫ్ట్‌వేర్ రాసిన మహానుభావుడూ నేనూ యూనివర్సిటీలో ఒకే క్లాసు. ల్యాబ్‌లో అతని ప్రోగ్రాం ఎక్కడ ఆగినా నన్నే పిలిచేవాడు. మెప్పు మాత్రం అతనికే దక్కేది. తర్వాత పెద్ద కంపెనీలో ఉద్యోగం వచ్చి, ఆ షాపు పని నాకు అప్పగించి వెళ్ళిపోయాడు. అప్పటినుంచీ రిపేర్లు నావి, పేరు అతనిది. ఆ సాఫ్ట్‌వేర్ తీయించి నేను రాసింది పెట్టించాలని నా పంతం. షాపు బాగు కోసమే అని చెప్పేదాన్ని గానీ, సగానికి పైగా కుళ్ళే.

నేను మాటెత్తగానే ఓనర్ ఛాయ్ తెప్పించేవాడు.

"మీ దోస్తు చేసింది మంచిగనే నడుస్తున్నది గద చెల్లె. దాన్నెందుకు కదిలించుడు?"

ఏం మంచిగా, నా మొహం! ఫోన్ నంబరు కొడితే గానీ బిల్లు రాదు. నంబరు చెప్పడం ఇష్టంలేని వాళ్ళకి కౌంటర్‌లో అమ్మాయి ఓనర్ నంబరే కొట్టేసేది. మాణికేశ్వర్ నగర్ ఆటో డ్రైవర్‌కీ, హబ్సిగూడ సైంటిస్టుకీ ఒకటే ఫోన్! ఆ నంబర్లు సరిచేద్దామని ఎంత బతిమాలినా "తర్వాత చూద్దాం" అనేవాడు.

చివరికి పాతదానికే ఒక కొత్త పని తగిలించాను. అద్దాలు తయారవగానే కస్టమర్ ఫోనుకు మెసేజ్ వెళ్తుంది. నంబరు చెప్పనివాళ్ళ మెసేజ్‌లన్నీ ఓనర్ ఫోన్లోనే వచ్చిపడితే చచ్చినట్టు నా దారికి వస్తాడని లోపల్లోపల తెగ సంబరపడ్డాను.

మర్నాడు పాత అలవాటుకొద్దీ యూనివర్సిటీ క్యాంటీన్‌లో దోసె తింటుంటే ఓనర్ ఫోన్ చేశాడు. తిట్లు తినడానికి సిద్ధపడే ఎత్తాను.

"చెల్లె, మస్తున్నది! ఎవరి అద్దాలు రెడీ అయినయో నాకే మెసేజ్ వస్తున్నది. ఇంట్ల కూసున్నా షాపుల పని తెలుస్తున్నది. ఇట్లనే ఉండనీ, నంబర్లు గింబర్లు ఏం మార్చకు."

"అయితే నా కొత్త సాఫ్ట్‌వేర్ సంగతేంటి అన్నా?"

"గది ఇంకెందుకు? మీ దోస్తుకు గూడ ఇప్పుడే ఫోన్ చేసిన. తమ్మీ, నీ సాఫ్ట్‌వేర్ ఇన్నేండ్లయినా ఇంకా మంచిగ అయితున్నదని చెప్పిన."

దోసె పక్కకు నెట్టేశాను. అతనేమన్నాడని అడిగాను.

"ఏమంటడు? థాంక్స్ అన్నడు."