దీనమ్మ ఇంటి ముందరి రాయి

1962లో నేను నెల్లూరు జిల్లా సముద్రతీరాన తాలూకా సర్వేయరుగా పనిచేస్తున్నాను. కృష్ణపట్నానికి దక్షిణాన కాలువగట్టు మీద ఒక పల్లె ఉండేది. కాలువను వెడల్పు చేయాలని, పోరంబోకులో, అంటే ప్రభుత్వ భూమిలో, ఉన్న ఇళ్లను పదిహేను రోజుల్లో తీసేయాలని ఉత్తర్వు వచ్చింది. ఏ ఇల్లు హద్దు లోపల ఉందో, ఏది వెలుపల ఉందో తేల్చడం నా పని. ఆనాటి వివరాలన్నీ నా నోటుబుక్కులో ఉన్నాయి. కేవలం జ్ఞాపకాన్ని నమ్ముకుని రాయడం నాకు గిట్టదు.

హద్దు కొలిచేది చెయిన్‌తో. అది అరవై ఆరు అడుగుల ఇనుప గొలుసు. దాన్ని సర్వే రాయి దగ్గర మొదలుపెట్టాలి. రాళ్లన్నీ యథాస్థానంలో ఉన్నాయని మా తాలూకా కచేరి, అంటే ఆఫీసు, రిజిస్టరులో ఏటేటా రాసి ఉంది. రాసిన పెద్దమనుషులు ఏ ఏడూ కచేరి గడప దాటలేదని నాకప్పటికి తెలియదు. తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆఖరి ఇల్లు దీనమ్మది. భర్త పోయాక వలలు అల్లి బతికే మనిషి. మేము వెళ్లేసరికి గోడకు సున్నం కొడుతోంది.

"తీసేసే ఇంటికి సున్నమెందుకక్కా?" అన్నాడు గొలుసు పట్టే మా చెయిన్‌మన్ వెంకయ్య.

"శనివారం ప్రార్థన కూటం మా ఇంట్లో గదన్నా. పడగొట్టేది మీరు చూసుకోండి, తెల్లగా ఉంచేది నేను చూసుకుంటా."

ఇంటికీ కాలువకూ మధ్య, తలమీద నిలువుగీత, అడ్డగీత చెక్కిన రాయి కనిపించింది. సర్వే రాయికీ అటువంటి గుర్తే ఉంటుంది. అక్కడి నుంచి కొలిస్తే ఇల్లు హద్దుకు వెలుపలే ఉంది. "నీ ఇల్లు నిలిచిందమ్మా" అన్నాను సంతోషంగా.

దీనమ్మ సున్నం కుంచె కింద పెట్టింది. "అయ్యా, అది మీ రాయి కాదు. మోకరించే చోటని మా ఆయన నాటినాడు. ఆ సిలువ ఆయన చెక్కిందే."

వెంకయ్య నెత్తి కొట్టుకున్నాడు. "నోరు మెదపకుంటే ఇల్లుండేది గదక్కా!"

"సిలువ చేత అబద్ధం చెప్పించి, మళ్లీ దాని ముందరే మోకరించమంటావా? ఇల్లు పోతే ప్రభువు ఇంకోటి చూపిస్తాడులే. ఆయనకు జాగా కరువా?"

పక్క పొలాల రాళ్ల నుంచి మళ్లీ కొలిచాను. అసలు రాయి ఇంటి వెనక రెండడుగుల ఇసుక కింద బయటపడింది. ఇల్లు మొత్తం పోరంబోకులోనే ఉంది. ఆ సంగతి నా చేతితోనే రాయవలసి వచ్చింది.

శనివారం ఎవరూ పిలవకుండానే మళ్లీ వెళ్లాను. అసలు రాయికి అవతలి జాగా ఆ ఊరి క్రైస్తవ సంఘానిది. దీనమ్మను అక్కడ ఇల్లు వేసుకోమన్నారట. కూటానికి వచ్చినవాళ్లే తాటాకు కప్పును చెక్కుచెదరకుండా పైకెత్తి, పాట పాడుతూ మోసుకుపోతున్నారు. ఈసారి కొత్త ఇంటి నాలుగు మూలలూ నేనే కొలిచి మేకులు కొట్టించాను.

"నీ సున్నమంతా పాతగోడతోనే పాయె గదక్కా!" అన్నాడు వెంకయ్య.

"కుండలో ఇంకా ఉందిలే. గోడ లేచినాక నువ్వొచ్చి కొట్టు."

మరుసటి నెల నిజంగానే వెళ్లి కొట్టాడు. సిలువ రాయిని కొత్త వాకిట్లో నాటారు. "ఇది సర్వే రాయి కాదు, దీనమ్మ గారి ప్రార్థన రాయి" అని పటంలో రాసి సంతకం చేశాను. పై అధికారి సంజాయిషీ అడిగితే, రిజిస్టరు కంటే ఆమె మాటే సరిగ్గా ఉందని రాసి పంపాను.

ఆ తర్వాత ఉద్యోగం చేసినన్నాళ్లూ గొలుసు విప్పే ముందు ఇంటివాళ్లను ఒక్క మాట అడిగేవాణ్ణి: "అమ్మా, ఈ రాయి ఎవరు నాటింది?"