కిటికీ సీటు

బస్సులో కిటికీ సీటు ఖాళీగా ఉన్నా నేనిప్పుడు దాని పక్కనే కూర్చుంటాను. మా ఫ్రెండ్స్ నవ్వుతారు.

ఆ రోజు రాజమండ్రిలో నలుగురం బ్యాగులు తగిలించుకుని పాపికొండల టూర్ బస్సెక్కాం. నా పక్కన కిటికీ దగ్గర ఒక పెద్దావిడ కూర్చున్నారు.

"వీడియో తీసుకోవాలండీ, కాస్త ఇటు మారతారా?" అన్నాను.

ఆవిడ బయటికి ఒకసారి చూసి, "రండి, పర్లేదు" అంటూ లేచారు.

కొండలు మొదలయ్యాక ఒక మలుపులో కింద నీళ్లు పెద్ద చెరువులా పరుచుకుని కనిపించాయి. నేను ఫోన్ అద్దానికి ఆనించాను. ఆవిడ నా బ్యాగు మీదుగా వంగి, మెడ సాచి, చేతులు జోడించారు. గోదారి కనబడితే దణ్ణం పెట్టడం మా వైపు అందరికీ అలవాటే. నేనూ ఒక చెయ్యి కళ్లకద్దుకుని, "గోదారమ్మ ఎంత నిండుగా ఉందండీ!" అన్నాను.

"గోదారికి కాదండి. ఆ నీళ్లకింద మా ఇల్లుంది. డ్యామ్ కోసం ఊరంతా ఖాళీ చేయించారు. ఇటు వేరే బస్సు రాదు కదా, అందుకే ఈ టూర్ బస్సెక్కుతుంటాను."

గబగబా లేవబోయాను.

ఆవిడ నా భుజం మీద చెయ్యేసి, "కూర్చోండి, దాటిపోయిందండి" అన్నారు.