వాళ్ళంటే ఎవరన్నయ్యా?

పేటలో అందరూ ఆమెను క్లోరినమ్మ అంటారు. పంతొమ్మిదేళ్ళుగా వాటర్ వర్క్స్‌లో, క్రిములు చావడానికి నీళ్ళలో క్లోరిన్ కలిపే పని. పొద్దున్నే వీధి కుళాయిల నీళ్ళు చిన్న గాజు గొట్టంలో పట్టి, రెండు చుక్కల మందు వేసి చూస్తుంది. లేత పసుపు రంగు వస్తే క్లోరిన్ సరిపోయినట్టు. రాలేదా, ఇక ఆమె నోటికి అడ్డూ ఆపూ ఉండదు. "పిల్లల కడుపులతో ఆటలాడుతున్నారా?" అని పై ఆఫీసర్ని కూడా దులిపేస్తుంది.

అలాంటి మనిషికి తోడబుట్టిన అన్నే తలనొప్పిగా తయారయ్యాడు.

"కుళాయి నీళ్ళలో మందు కలుపుతున్నారే చెల్లీ. జనం ఎదురు తిరక్కుండా, నోరు మూసుకుని పడుండేట్టు. అదీ వాళ్ళ ప్లాను."

"వాళ్ళంటే ఎవరన్నయ్యా? కలిపేది నేను! ఈ చేతుల్తో నేను!"

"పిచ్చిదానా, నీ స్థాయి వాళ్ళకి అసలు సంగతి చెప్తారా?"

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. చెంబు నిండా కుళాయి నీళ్ళు పట్టి, అతని ఎదురుగానే గటగటా తాగేసింది.

"ఇప్పుడేమంటావ్?"

"నీకు డ్యూటీలో టీ ఇస్తారుగా. విరుగుడు అందులో ఉంటుంది" అన్నాడు, జాలిగా. ఆ జాలి చూసి ఆమెకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి.

పోనీ తెలివితక్కువవాడా అంటే కాదు. మిల్లులో మెకానిక్కు, శబ్దం విని యంత్రం జబ్బు చెప్పేవాడు. ఇరవై రెండేళ్ళు చేశాక ఒకరోజు గేటు దగ్గర ఆపేశారు. ఎందుకో చెప్పలేదు. నెల రోజులు గది గదికీ తిరిగి "నేనేం తప్పు చేశాను సార్?" అని అడిగాడు. ఒక్కడూ తలెత్తి చూడలేదు. కారణం లేకుండా ఏదీ ఆగదని నమ్మిన మనిషి, ఎవరూ చెప్పని కారణాన్ని తనే అల్లుకున్నాడు. మిల్లు మూతపడింది గానీ అతని అల్లిక ఆగలేదు. అక్కర్లేదని గెంటేసిన మనిషి కాస్తా రహస్యం పసిగట్టిన మనిషయ్యాడు. టీ కొట్టు దగ్గర నలుగురు చుట్టూ చేరి "గురువుగారూ" అంటున్నారు. ఇంకేం కావాలి!

ఒక్క మాట చెప్పని ఆ పెద్దమనుషుల మీద ఆమెకూ మంటే. అయితే మాత్రం? దెబ్బ తిన్నవాడు ఆ దెబ్బ తెచ్చి కన్నకూతురి నెత్తిన రుద్దుతాడా?

ఇంట్లో కుళాయి కట్టేయించాడు. మిల్లు వెనక పాడుబడ్డ బావి నుంచి సైకిల్ మీద రెండు క్యాన్ల నీళ్ళు తెచ్చేవాడు. ఆమె గాజు గొట్టం పట్టుకెళ్ళి, ఆ నీళ్ళలో చుక్కలు వేసి చూపించింది. రంగు రాలేదు.

"చూశావా!" అని ఎగిరి గంతేశాడు. "ఏమీ కలవలేదు. స్వచ్ఛమైన నీళ్ళు!"

ఆమె గొట్టంలో నీళ్ళు గుమ్మం బయట పారబోసి వచ్చేసింది.

వానలు పడ్డ వారానికే ఏడేళ్ళ పాపకు వాంతులు, విరేచనాలు. వదిన ఏడుస్తూ ఫోన్ చేస్తే ఆమె డ్యూటీ బట్టలతోనే ఆసుపత్రికి పరుగెత్తింది. సెలైన్ ఎక్కుతోంది. "నోటి ద్వారా కూడా నీళ్ళు పోవాలి, లేకపోతే కష్టం" అంది డాక్టరు. ఆమె గ్లాసు నీళ్ళలో ఓఆర్‌ఎస్ పొడి కలిపి పాప పెదాలకు ఆనించింది.

పాప మూతి బిగించేసింది.

"వద్దత్తా. నువ్వు మందు కలుపుతావంట కదా."

పురిట్లో మొదట ఎత్తుకున్నది ఈ చేతులతోనే. గిర్రున తిరిగి గ్లాసు మంచం పక్కనే నిలబడ్డ అన్న చేతిలో పెట్టింది.

"తాగు. పిల్ల చూస్తుండగా తాగు. లేదంటే దీన్ని చంపింది నువ్వేనని వీధి వీధిలో అరుస్తా!"

అతను వాసన చూశాడు. పాప గుంటలు పడ్డ కళ్ళు చూశాడు. సగం గ్లాసు తాగాడు. నాన్న తాగాడని మిగతా సగం పాప మెల్లమెల్లగా తాగింది.

నాలుగేళ్ళ పోరు. ఆమె పైట నోటికి అడ్డం పెట్టుకుని భోరున ఏడ్చింది. ఇక తెలిసొచ్చింది వీడికి అనుకుంది.

అతను మూతి తుడుచుకుని, దగ్గరకొచ్చి గొంతు తగ్గించాడు.

"ఇప్పుడర్థమైందే చెల్లీ. నేను తెచ్చుకుంటున్నానని తెలిసి, బావిలో కూడా కలిపేశారు."

చాచి కొట్టడానికి ఆమె చెయ్యి లేచింది. పాప చూస్తోంది. ఆ చేత్తోనే ఖాళీ గ్లాసు అందుకుని, మళ్ళీ నీళ్ళు కలపడానికి వెళ్ళింది. ఈ గ్లాసూ తీసుకొచ్చి అన్న చేతికే ఇవ్వాలి. తన చేత్తో ఇస్తే పిల్ల తాగదు.