పురిటి పిట్టల ఊళ్లో నా తాటాకు బాంబు

అత్తారింట్లో అలిగిన కొత్తల్లుణ్ని మీరు చూసే ఉంటారు. మితిమీరి తిని పడకేసినవాణ్నీ చూసే ఉంటారు. మొదటి దీపావళినాడే అత్తారి ఊరు ఊరంతా నెత్తీ నోరూ కొట్టుకునేలా చేసిన ఘనుణ్ని మాత్రం చూసి ఉండరు. చూడాలనుంటే ఇలా రండి. నేనే.

అరవయ్యో దశకం చివర్లో మాట. మాది గజపతినగరం. అత్తారిది నరసన్నపేట దాటాక వంశధార ఒడ్డున ఒక పల్లె. మా ఆవిడ పార్వతి దసరాకే పుట్టింటికి వెళ్లిపోయింది. దీపావళికి రమ్మని మావగారు నాకు కబురు పెట్టారు. ఊరు అదిరిపోవాలని గోనెసంచీ నిండా తాటాకు బాంబులు కొన్నాను. ఆమదాలవలస దాకా రైల్లో ఆ సంచీ నా ఒళ్లోనే ఉంది. పక్కాయన చుట్ట వెలిగించినప్పుడల్లా నా ప్రాణాలు గాల్లోనే ఉన్నాయి.

పొద్దుగుంకే వేళకి అత్తారి వాకిట్లో ఎడ్లబండి దిగాను. ఊళ్లో ఇళ్లకన్నా చింతచెట్లే ఎక్కువ. వాటినిండా ఉతికి ఆరేసిన పంచెల్లా తెల్లటి పిట్టలు. గూడబాతులూ, ఎర్రకాళ్ల కొంగలూ. కంపు భరించలేక ముక్కు మూసుకున్నానే గాని, ఇవెందుకిక్కడున్నాయని అడగలేదు. పండగ ముందురోజైనా ఎక్కడా ఒక్క టపాకాయ చప్పుడు లేదు. పిసినారి ఊరనుకున్నాను. అప్పట్లో నా బుర్ర అలాగే పనిచేసేది.

తెల్లవారింది. ఇంకా ఎవరూ తలంటు పోసుకోలేదు. అందర్నీ ఆశ్చర్యపరుద్దామని వాకిట్లో చింతచెట్టు మొదట్లోనే ఒక బాంబు పెట్టి వెలిగించాను.

అది పేలడమైతే దివ్యంగా పేలింది. ఆ వెంటనే ఆకాశం కనబడలేదు. చెట్ల మీద ఉన్న పిట్టలన్నీ ఒక్కసారిగా లేచి, తలల మీద గిర్రున తిరిగి, ఏటివైపు వెళ్లిపోయాయి. పార్వతి నాయనమ్మ గబగబా బయటికొచ్చింది. ఆవిణ్ని ఊరంతా మామ్మ అంటారు.

"పేల్సీసినావా బాబూ?"

"ఏటయినాది మామ్మా?"

"ఏటయినాదని అడుగుతావేటి? ఆడపిల్లలు పుట్టింటికొచ్చినట్టు ఏటేటా పురిటికి మా ఊరొస్తాయవి. అవి రాని ఏడు పంట ఉండదు. పిల్లలకి రెక్కలొచ్చీదాకా ఈ ఊళ్లో పెళ్లికి బాజా కూడా వాయించం. నువ్వు పురిటిగదిలో బాంబు పేల్సినావు."

"నాకెవులూ సెప్పనేదు."

"పొద్దు తూరుపున పొడుస్తాదని ఎవులైనా సెప్తారేటి?"

అలా అంటూనే నా సంచీని కుడితి గోలెంలో ముంచేసింది.

ఇంతలో కాకులు దిగాయి. గూళ్లలో గుడ్లున్నాయి, కళ్లు తెరవని కూనలున్నాయి. కాయడానికి తల్లుల్లేవు. మావగారు వెదురుగడకి తువ్వాలు కట్టి నా చేతికిచ్చారు.

"అల్లుడూ, గడ్డివాము ఎక్కు. కాకుల్ని తోలు. సప్పుడు మాత్రం సెయ్యకు."

జరీ పంచె కట్టుకుని గడ్డివాము మీద నిలబడి, నోరు మెదపకుండా కాకుల్ని తోలిన అల్లుడు మన జిల్లాల్లో నేనొక్కణ్నే అయి ఉంటాను. పక్క వీధులవాళ్లు కూడా చూడ్డానికొచ్చారు. "ఈ బాబేనేటి?" అని ఒకరినొకరు గుసగుసగా అడుగుతున్నారు.

పెద్దల ముందు మొగుడితో మాట్లాడకూడదు కాబట్టి పార్వతి మామ్మతో మాట్లాడింది, నా వైపే చూస్తూ.

"మామ్మా, అవి తిరిగి రాకపోతే నానూ గజపతినగరం రానని ఆయనకి సెప్పు."

"వచ్చీస్తాయని దానికి సెప్పు మామ్మా."

"వచ్చీస్తాయని ఈయనకేటైనా ఉత్తరం రాసినాయేటో అడుగు మామ్మా."

"నానేటి, తపాలా బంట్రోతునా?" అని మామ్మ లోపలికి పోయింది.

నాకు నిజంగా భయమేసింది. పార్వతి ఆడిన మాట తప్పే మనిషి కాదు. గూళ్లలో కూనలు కీచుకీచుమంటుంటే ఏడుపు కూడా వచ్చింది. మధ్యాహ్నం దాటింది. ఏటివైపు చూసి చూసి కళ్లు కాయలు కాశాయి. చివరికి పార్వతే ఒక అరిసె పట్టుకుని గడ్డివాము దగ్గరికొచ్చింది. కోపం కోపమే, ఆకలి ఆకలే అనుకుందేమో. నేను జారి కిందికి దిగాను.

అప్పుడే ఏటిమీద ఒక తెల్లటి చుక్క కనబడింది. దాని వెనక ఇంకోటి. తర్వాత బారులు బారులుగా. మొదటి గూడబాతు ఊరిచుట్టూ తిరిగి, అనుమానంగా చూసి, వాకిట్లో చెట్టు మీద వాలింది. సంతోషం పట్టలేక "వచ్చీ..." అని కేక పెట్టబోయాను. పార్వతి అరిసె మొత్తం నా నోట్లో కుక్కేసింది.

ఊరంతా సంబరపడింది, కానీ ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. మావగారు కండువాతో కళ్లొత్తుకున్నారు. నా గుండెల మీంచి బండరాయి దిగింది. అరిసె మాత్రం చాలాసేపటి దాకా గొంతు దిగలేదు. పండగయ్యాక పార్వతి నాతోనే బండెక్కింది.

మరుసటేడు మళ్లీ ఆ రోజుల్లోనే, ఆ ఊళ్లోనే, మాకు ఆడపిల్ల పుట్టింది. పిల్లని చూడ్డానికి ఉరుక్కుంటూ వెళితే మామ్మ గుమ్మంలోనే ఆపి, నా సంచీ అంతా తడిమింది.

"ఇదేటి?"

"గిలక్కాయ మామ్మా. పిల్లకి."

చెవి దగ్గర పెట్టుకుని ఒకసారి ఆడించి చూసింది. అది గలగలమంది. వెంటనే బొడ్లో దోపుకుంది.

"సెట్టుమీద పిల్లలకి రెక్కలు రానీ. అప్పుడు నీ పిల్లకిస్తాను."

కాబట్టి ఏటికి ఇరువైపులా ఉన్న సమస్త పక్షిజాతి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో బాంబు ముట్టను. ఆ ఊళ్లో ఉండగా తుమ్మొచ్చినా, పొలిమేర దాటి వెళ్లి తుమ్మి వస్తాను.