పాట వినకుండా ఐదు రికార్డులు

మా చిన్న బ్యాండు పాటల్ని వినైల్ రికార్డుగా అమ్ముదామని మా సింగర్ కిరణ్ పట్టుబట్టినప్పుడే నాకు అనుమానం, ఎవరు కొంటారని. ఈ సాయంత్రం జూబ్లీహిల్స్‌లో ఒక కేఫ్ ముందు బల్ల వేసుకుని కూర్చుంటే, ఒకాయన వచ్చి ఒక్క పాటైనా వినకుండా ఐదు రికార్డులు తీసుకున్నాడు. నా అనుమానం ఇంకా పెరిగింది.

"ఇంట్లో రికార్డ్ ప్లేయర్ ఉందా అన్నా?" అనడిగాను.

"లేదు తమ్మీ. ఫిల్మ్ నగర్‌ల సినిమా సెట్ ఏస్తున్నం. హీరో రూమ్‌ల గోడకు పెడ్తం."

కిరణ్ ముఖం వెలిగిపోయింది. "మా బ్యాండు పేరు కనబడేటట్టు పెట్టండన్నా."

"పేరు మీద స్టిక్కర్ ఏస్తం. లేకుంటే పర్మిషన్ల లొల్లి."

ఇంతకీ మా రికార్డు కొన్నవాళ్ళలో విన్నవాళ్ళెవరైనా ఉంటే, ఎలా ఉందో కింద కామెంట్లలో చెప్పండి. మా దగ్గర కూడా ప్లేయర్ లేదు.