పిన్ని బయటకు పంపిన గోల్‌కీపర్

అమ్మాయిల ఫుట్‌బాల్ జట్టుకు జెర్సీలు కుట్టే దర్జీని చిన్నా పెద్దా అందరూ పిన్ని అనే పిలుస్తారు. మనసు పెద్దదే గానీ, ముందు వినబడేది ఆవిడ నోరు. "కదలకుండా నిలబడవే, కొలతలు తీస్తున్నానా, కోతిని పట్టుకుంటున్నానా" అంటూనే జట్టులో ప్రతి పిల్ల భుజాలూ కొలిచింది.

తలకు దెబ్బ తగిలితే ఏం చేయాలో నేర్పే ఒకరోజు శిక్షణకు జట్టుకొకరు వెళ్లి తీరాలని లీగ్ వాళ్లు నిబంధన పెట్టారు. ఎవరికీ తీరిక లేదు. కోచ్ తల గోక్కుని, "పిన్నీ, మీరెళ్లి ఓ సంతకం పెట్టి రండి" అన్నాడు. సంతకానికి వెళ్లిన మనిషి సాయంత్రం దాకా ముందు వరుసలో కూర్చుని, డాక్టర్‌ని ప్రశ్నలతో ఊపిరాడనివ్వలేదు. నేర్చుకున్నది ఇదీ: అనుమానం వస్తే చాలు, పిల్లను ఆటలోంచి బయటకు తేవాలి. ఆ రోజు మళ్లీ దింపకూడదు. ఆ మాట చెప్పే హక్కు శిక్షణ పొందిన మనిషిది. అదంతా రాసిన లీగ్ కాగితం మీద పిన్ని సంతకం పెట్టి వచ్చింది. కోచ్ ఆ కాగితం చదివితే ఒట్టు.

ఫైనల్లో స్కోరు ఒకటి ఒకటి. ఇంకో పది నిమిషాల ఆట ఉందనగా గోల్‌కీపర్ పిల్ల బంతి కోసం దూకి, గోలు స్తంభానికి తల కొట్టుకుంది. కోచ్ పరుగున వెళ్లి కూర్చోబెట్టి, మొహం ముందు వేళ్లు చూపించాడు.

"ఎన్ని?"

"రెండు."

"చూశారా, భేషుగ్గా ఉంది" అన్నాడు కోచ్.

పిన్నికి ఒళ్లు మండింది. ఈ మహానుభావుడు ఎప్పుడైనా చూపించేది రెండే వేళ్లని జట్టులో అందరికీ తెలుసు. కళ్లు మూసుకుని కూడా రెండనే చెప్తారు. ఆవిడ పిల్ల ఎదురుగా చతికిలబడింది.

"మన గోలు ఎవరు కొట్టారమ్మా?"

పిల్ల చాలాసేపు ఆలోచించింది. "ఆట ఇంకా మొదలవలేదుగా, పిన్నీ."

పిన్ని పిల్ల గ్లవుజులు లాగి చంకలో పెట్టుకుంది.

"వేరే కీపర్ లేదండీ, పది నిమిషాలేగా, కొంప ముంచకండి" అన్నాడు కోచ్.

పిల్ల తండ్రి కంచె దాటి వచ్చాడు. "నా కూతురు, నా ఇష్టం. బట్టలు కుట్టేవాళ్లు బట్టలు కుట్టుకుంటే మంచిది."

"కుడతాను బాబూ. చిరిగిన చొక్కా ఎన్నిసార్లయినా కుడతాను. పిల్ల బుర్ర కుట్టడం నాకూ చేతకాదు, నీకూ చేతకాదు. ఈ పిల్ల మళ్లీ ఆడాలంటే ముందు నన్ను నలుగురూ మోసుకెళ్లి బయట పడేయండి."

రిఫరీ ఆ లీగ్ కాగితం తెప్పించి చూశాడు. అక్కడున్నది పిన్ని సంతకమే. పిల్లను బయటకు పంపించాడు. పిన్ని గ్లవుజులు డిఫెండర్ పిల్ల చేతిలో పెట్టి, గోల్‌కీపర్‌ని నడిపించుకుంటూ వెళ్లి పిల్ల తండ్రి కారెక్కింది. ఆయన గొణుగుతూనే ఆసుపత్రికి బయల్దేరాడు.

సగం దారిలో కోచ్ ఫోన్ చేశాడు. మూడు ఒకటితో ఓడిపోయారు. వచ్చే వారం నుంచి పిన్ని రానక్కర్లేదట.

"వస్తాను. ఏం చేసుకుంటారో చేసుకోండి" అని ఫోన్ పెట్టేసింది.

"గెలిచామా, పిన్నీ?" అంది పిల్ల.

"ఓడిపోయాం తల్లీ. నేనే ఓడించాను."

పిల్ల తలూపి, కిటికీలోంచి కాసేపు చూసి, ఇటు తిరిగింది. "పిన్నీ, గెలిచామా?"

పిన్ని మళ్లీ అదే జవాబు చెప్పింది. మూడోసారి అడిగేసరికి తండ్రి గొణుగుడు ఆగిపోయింది. అద్దంలోంచి కూతురి వంకే చూస్తున్నాడు.

"తొందరగా పోనీ బాబూ" అంది పిన్ని. పిల్ల చెయ్యి గట్టిగా పట్టుకుని, "నేనే ఓడించానమ్మా" అని మూడోసారి కూడా తల ఎత్తుకునే చెప్పింది.