బెల్లం ఎక్కువైన గోడ

వీధి వీధంతా కడుపుబ్బ నవ్వుకునే ఘనకార్యం ఒకటి నేను మునగాలలో చేశాను. హైవే మీద పోయే లారీలన్నీ ఆగాయంటే మీరు నమ్మరు. నమ్మకండి, రెండే ఆగాయి.

మా అత్తమ్మది పాతకాలపు రాతి ఇల్లు. ముందు గదిలో సున్నపు పూత ఊడిపోయింది. కోదాడ టైలర్ ఒకాయన ఆ గదిని దుకాణానికి కిరాయికి చూస్తానన్నాడు. మందులకైనా, గ్యాసుకైనా అత్తమ్మకు ఆ కిరాయే ఆధారం. "పాత గోడకు సిమెంటు పనికిరాదు, సున్నమే పూయాలి. నాకొదిలేయండి" అంటూ సూర్యాపేట నుంచి దిగాను. బడిలో లెక్కలు తప్పినా, తర్వాత నాకు నేనే నేర్చుకున్న మేధావిని కదా!

పాతవాళ్లు సున్నంలో బెల్లం నీళ్లు కలిపేవారని విన్నాను. ఎంత కలపాలో ఎవరూ చెప్పలేదు. చెప్పకపోతేనేం, త్రైరాశికం లేదా? చిటికెడు బెల్లానికే గోడ గట్టిపడితే, బుట్టెడు బెల్లానికి కోటగోడ కావాలి!

"ఏం జేస్తున్నవ్ అల్లుడా? బెల్లం గోడకా, అరిసెలకా?" అంది అత్తమ్మ.

"అంతా లెక్క ప్రకారమే అత్తమ్మా."

ఆమె, పూత పూయడానికి నేను పిలిపించిన మేస్త్రి వైపు తిరిగింది. "నువ్వేమంటవ్?"

"నాది సిమెంటు పనమ్మా, సున్నం నాకెరుక లేదు. సారు లెక్క జేసిండు గద, తప్పెట్లయితది?"

ఆ మాటకు పొంగిపోయి ఇంకో ముద్ద వేశాను.

పూత మిలమిలా మెరిసింది. మెరుస్తూనే ఉంది, ఎండలేదు. రోజులు గడిచినా వేలు పెడితే హల్వాలా దిగబడింది. బెల్లం మితిమీరితే సున్నం గట్టిపడదట. ఆ సంగతి నాకంటే ముందు చీమలకు తెలిసింది. మండలంలోని చీమలన్నీ బారులు కట్టాయి.

సరిగ్గా అప్పుడే టైలర్ వచ్చాడు, తెల్ల చొక్కాలో. "గది బానే ఉందండీ" అంటూ గోడకు చేరగిలబడ్డాడు.

"ఆనుకోకండి!" అని నేను అరిచేసరికి పూతంతా ఆయన వీపు మీదుంది, చీమలతో సహా.

ఆయన గెంతుకుంటూ హైవే పక్కనున్న వీధిలో పడి, ఆ రెండు లారీలూ ఆగేలా చొక్కా విప్పి దులుపుకున్నాడు. "గది ముందే చీమలకి కిరాయికిచ్చేశారుగా! మళ్లీ నన్నెందుకు పిలిచారండీ?"

అత్తమ్మ నా వైపు చూసింది. "గా చీమల కిరాయి మా అల్లుడే కడతడు తియ్యి."

కట్టాను. పూత గీకి, మళ్లీ పూయించి, టైలర్‌ను బతిమాలి తెచ్చేదాకా నెలనెలా కట్టాను.

కాబట్టి సున్నపు తొట్టి మీద ప్రమాణం చేసి చెబుతున్నాను: ఈ జన్మలో నేనిక బెల్లం కొలవను. నా చాయ్‌లోకి కూడా అత్తమ్మే వేస్తుంది. ఎంత వేయాలో నన్ను అడగదు.